రిమోటు ఎవరి చేతిలో ఉంది?

రెండు ప్రశ్నలు. మీ ఇంట్లో కంప్యూటరు వాడటం చేతగాని వాళ్ళు ఎంతమంది? టీవీ రిమోటు వాడటం చేతగాని వాళ్ళు ఎంతమంది? మొదటిదానికి ఒకరో ఇద్దరో తేలతారు. రెండోదానికి ఉయ్యాల్లో పిల్ల తప్ప ఎవరూ తేలరు. ఆ పిల్ల కూడా రిమోటు నోట్లో పెట్టుకుని చానెలు మార్చేయగలదు!

ఇంతమందికి ఇంత బాగా అలవాటైన పనిముట్టు ఇంట్లోనే ఉండగా, కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాసే మేము (నేనూ ఆ తానులో ముక్కనే) దాన్ని అంటరానిదాన్ని చేసి ఎందుకు కూర్చోబెట్టాం? ఇదీ నా గొడవ. కౌలాలంపూరులో నా తోటి సాఫ్టువేరు జనంతో ఈ మాటంటే నవ్వుతారు. "ఏం గురూ, మళ్ళీ ఇన్‌ఫ్రారెడ్డా? ఏ కాలంలో ఉన్నావు?" అంటారు. సరే, నవ్విన నాపచేనే పండుతుందంటారు కదా, కాస్త ఓపిగ్గా వినండి.

నా వాదన ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. డెస్క్‌టాప్ కంప్యూటరులో ఇంటిల్లిపాదీ వాడే ప్రోగ్రాములన్నీ, అంటే పాటలు, సినిమాలు, ఫోటోలు, పేపరు, ఇవన్నీ మామూలు టీవీ రిమోటుతో నడవాలి. ఏ బటన్ ఏం చెయ్యాలో ఆ ఇంటివాళ్ళే నిర్ణయించుకోవాలి. మధ్యలో ఎకౌంటు, పాస్‌వర్డు, ఇంటర్నెట్టు ఏవీ అడ్డు రాకూడదు. అంతే. ఇది చాలా చవకైన కోరిక. అయినా ఎవరూ తీర్చడం లేదు కాబట్టే ఈ రాత.

ముందు రిమోటు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. చాలామందికి ఇదేదో బ్రహ్మవిద్యలా కనిపిస్తుంది గానీ, చిన్నప్పుడు టార్చిలైటు వేసి ఆర్పి ఎదురింటి వాడికి సైగలు చేసిన ఆట ఇది. ముందువైపున్న ఎల్ఈడీ సుమారు 940 నానోమీటర్ల వెలుగు ఇస్తుంది. అది కంటికి ఆనదు. ఫోనులో సెల్ఫీ కెమెరా తెరిచి దాని ముందు రిమోటు నొక్కండి, చాలా ఫోన్లలో లేత ఊదారంగులో మిణుకుమంటుంది. పోయింది బ్యాటరీయా రిమోటా అని తేల్చుకోడానికి ఇంతకన్నా చవక పరీక్ష లేదు. మరి గదిలో ఎండ, దీపాలు, మన ఒంటి వేడి, అన్నిట్లోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంది కదా, ఆ సంతలో రిమోటు మాట ఎలా వినపడుతుంది? అందుకే అది ఒక శ్రుతి పట్టుకుంటుంది. సెకనుకి దాదాపు 38,000 సార్లు వెలిగి ఆరుతుంది. అవతల ఉన్న కన్ను ఆ శ్రుతిలో వచ్చిందాన్నే లెక్కలోకి తీసుకుంటుంది, మిగతాది వదిలేస్తుంది.

ఇక భాష. ఎన్ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పెద్ద కేక, తర్వాత 4.5 మిల్లీసెకన్ల మౌనం, ఆ తర్వాత 32 బిట్లు. ఆ 32 బిట్లలో మొదట చిరునామా, వెంటనే అదే చిరునామా తిరగేసి. తర్వాత ఆజ్ఞ, వెంటనే అదే ఆజ్ఞ తిరగేసి. రెండూ కుదరకపోతే టీవీ ఆ మాట నమ్మదు. మా ఊళ్ళో పెద్దలు అప్పు కాయితం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించినట్టే! ఫిలిప్స్ వారి ఆర్‌సీ-5 పద్ధతి ఇంకా పొదుపు. 14 బిట్లతో పని అయిపోతుంది. అందులో ఒక బిట్టు, మీరు వేలు తీసి మళ్ళీ నొక్కిన ప్రతిసారీ తిరగబడుతుంది. "వేలు అలాగే పెట్టి ఉంచాడా, తీసి మళ్ళీ నొక్కాడా" అన్న తేడా అలా తెలుస్తుంది. ఈ చిన్న బిట్టు గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

ఈ సైగల్ని కంప్యూటరుకి నేర్పడం ఎప్పుడో అయిపోయిన పని. లినక్సులో దాని పేరు లిర్క్. లినక్స్ ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ కంట్రోల్‌కి పొట్టి పేరు అది. నేను 2008 ప్రాంతంలో ఇంజినీరింగు చదివేటప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో టీఎస్ఓపీ 1738 అనే మూడుకాళ్ళ కన్ను ఒకటి, 5 వోల్టుల రెగ్యులేటరు ఒకటి, డయోడు, కెపాసిటరు, రెసిస్టరు తలా ఒకటి కొని, కంప్యూటరు వెనకున్న సీరియల్ పోర్టుకి అతికించాను. అన్నీ కలిపి ఒక బిర్యానీ ఖరీదు కాలేదు. ఐఆర్‌రికార్డ్ అని ఒక ప్రోగ్రాముంది, దాని ముందు ఒక్కో బటనూ నొక్కి పేర్లు చెబితే రిమోటు భాష నేర్చేసుకుంటుంది. తర్వాత ఒక చిన్న ఫైల్లో "ఫలానా బటన్ నొక్కితే ఎంప్లేయరుకి ఫలానా ఆజ్ఞ ఇవ్వు" అని నాలుగేసి లైన్లు రాసుకోవాలి. ఇంక హాస్టలు గదిలో మంచం దిగకుండా పాట మార్చేవాళ్ళం. విండోసులో ఉన్నవాళ్ళకి విన్‌లిర్క్, గర్డర్, ఈవెంట్‌ఘోస్ట్ ఉండేవి.

అప్పట్లో పెద్ద కంపెనీలకి కూడా ఈ ఊహ నచ్చింది. మైక్రోసాఫ్ట్ 2002లో విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ తెచ్చింది, రిమోటుతో సహా. ఆపిల్ 2005లో ఐమ్యాకుతో పాటు ఆరే ఆరు బటన్లున్న తెల్లటి చిన్న రిమోటు ఇచ్చింది, ఫ్రంట్ రో అనే ప్రోగ్రాము నడపడానికి. ముచ్చటగా ఉండేది. తర్వాతేమైంది? 2011లో ఫ్రంట్ రో పోయింది. 2012 నుంచి కొత్త మ్యాకుల్లోంచి ఆ కన్ను ఒక్కొక్కటిగా మాయమవుతూ వచ్చింది. 2015లో విండోస్ 10 వస్తూ వస్తూ మీడియా సెంటరుని గడప బయట దించేసి వచ్చింది. కంప్యూటర్ల వెనక సీరియల్ పోర్టులు కూడా మాయమయ్యాయి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే తీగ కొంటే సరిపోతుంది కదా అంటారేమో, సరిపోదు. బిట్టుకీ బిట్టుకీ మధ్య మైక్రోసెకన్ల లెక్క ఆ మారుబేరంలో పోతుంది.

పెద్దలు వదిలేసిన పనిని ఎవరు మోశారు? జీతం నాతం లేకుండా లినక్సుకి రాసేవాళ్ళు. 2010లో కెర్నెల్ 2.6.36తో లిర్క్ గుండెకాయ లాంటి భాగం కెర్నెల్లోకే చేరింది. అప్పట్నుంచి రిమోటు బటన్ని కీబోర్డు మీటలాగే చూసే ఏర్పాటు నడుస్తోంది. దాని అర్థమేంటంటే, కీబోర్డుతో నడిచే ఏ ప్రోగ్రామైనా రిమోటుతో నడుస్తుంది, ఆ ప్రోగ్రాముకి రిమోటు సంగతి తెలియనక్కర్లేదు. ఇంతకన్నా శుభ్రమైన ఉపాయం నాకు తెలీదు.

ఇప్పుడు అసలు గొడవలోకి వద్దాం.

మనవాళ్ళందరం చేసే పని ఒకటుంది. దసరాకో సంక్రాంతికో ఇంటికెళ్తూ అమ్మానాన్నలకి ఒక ట్యాబ్లెట్టు పట్టుకెళ్తాం. రెండ్రోజులు నేర్పిస్తాం. తిరిగొచ్చేస్తాం. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోనులో ఇదీ సంభాషణ: "పైన కుడిపక్క మూడు చుక్కలున్నాయి చూడు నాన్నా." "చుక్కల్లేవురా." "నిలువుగా ఉంటాయి." "అడ్డంగా గీతలున్నాయి." "అది నొక్కకు!" "నొక్కేశాను." ఈ సంభాషణ జరగని తెలుగిల్లు ఏ దేశంలోనూ ఉండదనుకుంటాను. పదివేలో ఇరవైవేలో పెట్టి మనం కొన్నది వాళ్ళకి చేతగానితనం. అరవై డెబ్బై ఏళ్ళు సంసారం, ఉద్యోగం, వ్యవసాయం అన్నీ నడిపినవాళ్ళని, మూడు చుక్కల దగ్గర మొద్దుల్ని చేశాం. పైగా "మా నాన్నకి టెక్నాలజీ రాదండీ" అని నవ్వుతూ చెప్పుకుంటాం. ఆయనకి రాకపోవడమేంటి? ఆయనకి వచ్చిన టెక్నాలజీ మనం వాడలేదు, అదీ సంగతి.

మా నాన్నగారు విజయనగరం జిల్లాలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఇక్కడ మా దగ్గరే ఉంటున్నారు. పార్కిన్సన్స్, వణుకుడు జబ్బు. తెర మీద వేలు పెడితే ఒకచోట పెట్టింది మూడుచోట్ల తగులుతుంది. పాట మొదలవుతుంది, ఆగుతుంది, వేరే పాటకి వెళ్తుంది, ఏదో ప్రకటన తెరుచుకుంటుంది. నిజమే, మళ్ళీ మళ్ళీ తగిలిన వేలుని లెక్కచెయ్యొద్దని చెప్పే సెట్టింగులు కొన్ని ఫోన్లలో ఉన్నాయి. కానీ నున్నటి గాజు మీద ఎక్కడ నొక్కాలో వేలికి తెలియదు కదా. రిమోటు మీద ఉబ్బెత్తుగా ఉన్న బటన్ని వేలు తడుముకుని పట్టుకుంటుంది, ఆనుకుంటుంది, అప్పుడు నొక్కుతుంది. వణికే చేతికి ఆ ఆనుడే ఆధారం.

అయితే రిమోటు మీద కూడా వణుకు ఉంటుంది. ఒకసారి నొక్కబోతే మూడుసార్లు పడుతుంది. ఇక్కడే ఇందాకటి బిట్టు పనికొస్తుంది. వేలు తీసి మళ్ళీ నొక్కినట్టు కంప్యూటరుకి తెలుసు. ఎంతసేపట్లో నొక్కిందో కూడా తెలుసు. నేను పదిపన్నెండు లైన్ల ప్రోగ్రాము రాశాను: అదే బటన్ ఒకటిన్నర సెకను లోపల మళ్ళీ వస్తే పట్టించుకోకు. అంతే, మూడు నొక్కులు ఒక నొక్కయ్యాయి. ఆయన చెయ్యి బాగోని రోజున దాన్ని రెండు సెకన్లు చేస్తాను. ఏ కంపెనీని బతిమాలాలి? ఏ అప్‌డేటు కోసం ఎదురుచూడాలి? ఆ ఒకటిన్నర అన్న అంకె నా చేతిలో ఉంది. ఈ వాదనంతా ఆ ఒక్క అంకె గురించే అనుకోండి.

మా ఆవిడ పాత రిమోటు మీద గోళ్ళరంగుతో చుక్కలు పెట్టింది. 1 నొక్కితే ఘంటసాల, 2 నొక్కితే పురాణ ప్రవచనం, 3 నొక్కితే పద్యనాటకాలు, 4 నొక్కితే తెలుగు పేపరు పెద్దక్షరాల్లో, 5 నొక్కితే ఊళ్ళోంచి మా చెల్లెలు పంపిన ఫోటోలు. 0 నొక్కితే అన్నీ ఆగిపోతాయి. వారం తర్వాత ఆయన అన్న మాట ఒకటే: "ఒరే, ఇది నన్ను ఏమీ అడగదురా."

ఎంత పెద్ద మాటో చూడండి. ట్యాబ్లెట్టు అడుగుతూనే ఉంటుంది. అప్‌డేటు చెయ్యనా? షరతులకి ఒప్పుకుంటావా? నీ వయసెంత? మా యాప్‌కి ఎన్ని చుక్కలిస్తావు? పాస్‌వర్డు మర్చిపోయావా? నువ్వు నువ్వేనా? డెబ్బై దాటిన మనిషి ఘంటసాల పాట వినడానికి ఇన్ని వాయిదాలకి హాజరు కావాలా?

"అయితే నోటితో చెబితే సరి, మాట వినే డబ్బాలొచ్చాయి కదా" అనేవాళ్ళకి రెండు జవాబులు. మొదటిది, ఈ జబ్బు చేతినే కాదు, గొంతునీ తగ్గిస్తుంది. మాట పల్చబడుతుంది, ముద్దగా వస్తుంది. అవసరం ఎక్కువున్నవాడి గొంతే డబ్బాకి వినపడదు. రెండోది, భాష. మా ఇంట్లో ఒక మాటల డబ్బా ఉంది, పేరెందుకులెండి. "ఏటి, పాట పెట్టవేటి?" అని మా నాన్నగారు అడిగితే అది వాతావరణం చెప్పింది. తెలుగు అర్థమవుతుందని ప్రకటించిన సేవలకి కూడా పుస్తకాల తెలుగు అర్థమైనంతగా మా ఉత్తరాంధ్ర యాస అర్థం కాదు. ఇక మలేషియా తెలుగువాళ్ళ సంగతి చూడండి. రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికని వచ్చిన వాళ్ళ మూడో తరం, నాలుగో తరం ఇక్కడుంది. 1955లో మొదలైన వాళ్ళ సంఘం ఇప్పటికీ నడుస్తోంది. పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ వైపు వెళ్తే, ఆంధ్రాలో మనమే మర్చిపోయిన మాటలు, మధ్యమధ్య మలయు మాటలతో కలిపి మాట్లాడే పెద్దవాళ్ళు దొరుకుతారు. బడి లేకపోయినా, పుస్తకం లేకపోయినా నోటి మీద నిలబెట్టుకున్న తెలుగది. ఆ తెలుగుని ఏ డబ్బాకి ఎవరు నేర్పుతారు? అంతమాత్రాన ఆ ముసలమ్మ పాట వినకూడదా? బటన్‌కి యాస లేదు. నొక్కితే చాలు, ఏ ఊరివాళ్ళదైనా ఒకటే 32 బిట్లు.

"మరి ఫోనే రిమోటులా పనిచేసే యాప్‌లు బోలెడున్నాయి కదా" అనేవాళ్ళు ఇంకో రకం. ఉన్నాయి. ఫోను ఛార్జింగు ఉండాలి, తాళం తియ్యాలి, యాప్ వెతకాలి, వైఫై ఉండాలి, రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. ఈలోగా పాట అయిపోతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఎవరిదో సర్వరు మీద ఆధారపడిన వస్తువు మీదైనట్టు కాదు. రివాల్వ్ అని ఇంటి పరికరాలన్నిట్నీ కలిపి నడిపే పెట్టె ఒకటుండేది, ఖరీదు దాదాపు 300 డాలర్లు. ఆ కంపెనీని 2014లో నెస్ట్ కొనుక్కుంది. 2016 మే నెలలో సర్వర్లు ఆపేశారు. పెట్టెలు చెడిపోలేదు, కరెంటు ఉంది, గోడకి తగిలించే ఉన్నాయి. కానీ చచ్చిపోయాయి. అదే మా రిమోటుకి? రెండు బ్యాటరీలు వేస్తే ఏడాదికి పైగా అడగదు. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడినా దానికి కబురందదు.

ఇక నా కోపమంతా దాచుకున్న చోటికి వస్తున్నాను. ఈమధ్య కొన్న టీవీ రిమోటు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కింద మూడో నాలుగో రంగు రంగుల బటన్లు, ఒక్కోదాని మీద ఒక్కో సినిమా కంపెనీ పేరు. ఇది 2011లో నెట్‌ఫ్లిక్స్ తన పేరుతో బటన్ పెట్టిస్తున్నట్టు ప్రకటించడంతో ఊపందుకుంది, తర్వాత అందరూ ఎగబడ్డారు. ఆ చోటు కోసం కంపెనీలు టీవీ తయారీదారుకి డబ్బు కడతాయి. అంటే నేను డబ్బిచ్చి కొన్న రిమోటు మీద చోటు ముందే అమ్ముడుపోయి నా ఇంటికొచ్చింది! నేనా చందా కట్టకపోయినా సరే, ఆ బటన్ని వేరే పనికి పెట్టుకోనివ్వరు. చాలా టీవీల్లో దానికి సెట్టింగే ఉండదు. అద్దె ఇంట్లో కూడా గోడకి మేకు కొట్టుకుని మన కేలండరు తగిలించుకుంటాం. సొంతింట్లో మన గోడకి వాడి కేలండరేంటండీ?

విచిత్రం ఏమిటంటే రిమోటు పుట్టిందే ప్రకటనల పీడ వదిలించుకోడానికి. అమెరికాలో జెనిత్ కంపెనీ అధ్యక్షుడు యూజీన్ మెక్‌డొనాల్డ్‌కి ప్రకటనలంటే పడేది కాదు. వాటి నోరు మూయించే సాధనం తెమ్మని ఇంజినీర్ల వెంటపడ్డాడు. 1955లో యూజీన్ పాలీ వెలుగుతో పనిచేసే ఫ్లాష్‌మాటిక్ తయారుచేశాడు. ఎండ పడితే టీవీ తనంతట తానే చానెళ్ళు మార్చేసేది, అది వేరే కథ. మరుసటేడు రాబర్ట్ ఆడ్లర్ బ్యాటరీ లేకుండా చిన్న సుత్తి లోహపు కడ్డీని కొడితే వచ్చే, మన చెవికందని శబ్దంతో స్పేస్ కమాండ్ చేశాడు. ప్రకటన నోరు మూయించడానికి పుట్టిన వస్తువు మీద ఇవాళ ప్రకటనే అచ్చేసి ఇస్తున్నారు. కంచే చేను మేస్తే అన్న సామెతకి ఇంతకన్నా ఉదాహరణ కావాలా?

దీనికి విరుగుడు కూడా ఆ సైగలోనే ఉంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోటులో ఆ రంగు బటన్ పంపేది కూడా ఒక అంకెని మాత్రమే. దాని మీద ఎవరి పేరుంటే కంప్యూటరుకేం? ఆ అంకె వస్తే ఏం చెయ్యాలో నేను రాసుకుంటాను. మా ఇంట్లో ఒక పెద్ద కంపెనీ పేరున్న ఎర్ర బటన్ నొక్కితే పద్యనాటకంలో శ్రీకృష్ణుడు రాయబారానికి బయల్దేరతాడు. ఇది చూసినప్పుడల్లా నాకు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు.

న్యాయంగా ఉండాలి కాబట్టి ఎదుటివాళ్ళ మాటల్లో బలమున్నవి కూడా చెప్పుకుందాం. ఇన్‌ఫ్రారెడ్ గోడ దాటదు, ఎదురుగా ఉండాలి అంటారు. నిజమే. కానీ గోడ దాటకపోవడం నాకు కాపలా. పక్క ఫ్లాటు కుర్రాడు నా కంప్యూటరు ఆపలేడు, దూరదేశంలో కూర్చున్నవాడు అసలే ఆపలేడు. తాళం లేకపోయినా గదే తాళం. ఎండ పడితే పనిచెయ్యదు అంటారు. అదీ నిజమే. కౌలాలంపూరు మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే అద్దాల కిటికీకి ఎదురుగా ఆ కన్ను పెడితే తడబడుతుంది. కొన్ని సీఎఫ్ఎల్ దీపాలు కూడా ఆ శ్రుతికి దగ్గర్లో మిణుకుతూ గోల చేస్తాయి. కాస్త నీడన పెడితే పోతుంది.

"సెటప్పు కష్టం" అంటారే, ఆ మాట దగ్గర మాత్రం తలదించుకోవలసింది వాడేవాళ్ళు కాదు, మా కులమే. పాతికేళ్ళు గడిచినా ఇంకా ఫైలు తెరిచి చేత్తో రాయమంటున్నాం. ఐఆర్‌ఎక్స్ఈవెంట్ అని మీట నొక్కినట్టు నటించే పాత పనిముట్టు ఒకటుంది, అది పాత తెర పద్ధతికే అతుక్కుపోయి వేలాండ్ వచ్చాక మూగబోయింది. బొమ్మల తెర ఒకటి పెట్టి, "రిమోటు నొక్కండి, ఏం జరగాలో ఎంచుకోండి" అని అడిగితే చాలు కదా. బ్యాంకులకీ ఇన్సూరెన్సులకీ రోజుకో స్క్రీను తయారుచేసే లక్షలమంది తెలుగు సాఫ్టువేరువాళ్ళం ఉన్నాం. ఇంట్లో అమ్మకి ఒక్క స్క్రీను చెయ్యలేమా? అడిగేవాడు లేడు, బిల్లు కట్టేవాడు లేడు, అందుకే చెయ్యం. అమ్మ క్లయింటు కాదు కదా.

సరే, తిట్టడం అయింది. చేసే దారి కూడా చెప్పి ముగిస్తాను. ఇక్కడ కౌలాలంపూరులో మెరిసే ఫోన్ల కోసమైతే లో యాట్ ప్లాజాకి వెళ్ళండి. మనక్కావలసింది మాత్రం పుడు దగ్గర జలాన్ పసార్‌లో దొరుకుతుంది. విడిభాగాల కొట్లో "ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ ఉందా" అంటే "అడా, బాస్" అంటూ సొరుగులోంచి మూడుకాళ్ళ కన్ను తీసిస్తారు. అడా అంటే మలయులో ఉంది అని. ఒకట్రెండు రింగిట్లు. ఇండియాలో ఉన్నవాళ్ళకి హైదరాబాదులో కోఠి, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్పీ రోడ్డు. 38 కిలోహెర్ట్జులదని అడిగి తీసుకోండి. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటరైతే ఒక కాలు 3.3 వోల్టులకి, ఒకటి గ్రౌండుకి, ఒకటి జీపీఐఓ 18కి. ఏ కాలు ఏదో కంపెనీని బట్టి మారుతుంది, కాయితం చూడకుండా కలపొద్దు. కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ-ఐఆర్ అన్న ఒక్క లైను చేర్చాలి. టంకం పెట్టడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీకి గుచ్చే రిసీవర్లు దొరుకుతాయి. వాటిలో కొన్ని తమని తాము కీబోర్డుగా చెప్పుకుంటాయి కాబట్టి విండోసైనా మ్యాకైనా ఒకటే. లినక్సులో ఐఆర్-కీటేబుల్ అన్న ఆజ్ఞతో ఒక్కో బటనూ ఏ అంకె పంపుతోందో చూసుకుని, దేనికి ఏ మీటో ఒక పట్టికలో రాసుకోండి. తర్వాత కోడి, వీఎల్‌సీ లాంటివి వాటంతటవే వింటాయి.

రెండు జాగ్రత్తలు. ఏసీ రిమోటు ఎంచుకోకండి. మలేషియాలో గదికొకటి ఉంటుంది గానీ అది ఒక్కో బటన్‌కి ఒక్కో అంకె పంపదు, ప్రతిసారీ ఉష్ణోగ్రత, ఫ్యాను, మోడు అన్నీ కలిపి పొడుగాటి ఉత్తరం పంపుతుంది. అలాగే అదే గదిలో ఉన్న టీవీ భాష మాట్లాడే రిమోటు వద్దు, రెండూ ఒకేసారి లేచి కూర్చుంటాయి. పాత డీవీడీ ప్లేయరు రిమోటు శ్రేష్ఠం. అటు తిరిగి ఇటు తిరిగి అలాంటిదొకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పాత వీసీఆర్‌వి, డీవీడీలవి, చచ్చిపోయిన టీవీలవి, మనవాళ్ళు దేన్నీ పారెయ్యరు కదా!

కంపెనీలని అడగవలసినవి మూడే. ఇళ్ళకని అమ్మే ప్రతి చిన్న కంప్యూటరుకీ ఒక ఇన్‌ఫ్రారెడ్ కన్ను పెట్టండి, దాని ఖరీదు డబ్బా మీద స్టిక్కరంత. ప్రతి ప్రోగ్రాములోనూ ప్రతి ముఖ్యమైన పనికీ కీబోర్డు మీట ఒకటి ఉంచండి, మౌసు ఉంటేనే జరుగుతుందనకండి. రిమోటు మీద కనీసం నాలుగు బటన్లు ఎవరి పేరూ లేకుండా, కొన్నవాడికి వదిలేయండి. వింటారా? వినరని నాకూ తెలుసు. అందుకే వాళ్ళని నమ్ముకోవద్దంటున్నాను.

ఈ శనివారం సొరుగు తెరవండి. రబ్బరు బ్యాండు కట్టిన పాత రిమోటు ఒకటి దొరుకుతుంది. బ్యాటరీలు మార్చండి. మీ అమ్మగారినో నాన్నగారినో పిలిచి, 1 నొక్కితే ఏం కావాలో అడగండి. వాళ్ళని అలా అడిగి ఎన్నాళ్ళయిందో కూడా ఒకసారి లెక్కేసుకోండి.